బండి బతుకు షోరూం దాటాకే

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను. ఈ పనిలోకి వచ్చి ముప్పై రెండేళ్లయింది. రోజుకి ఒకరైనా అడుగుతారు, "మేస్త్రీ, ఏ కారు కొనమంటావు?" అని. నేను వెంటనే పేరు చెప్పను. "ఇల్లెక్కడ సార్? రాత్రి బండి ఎక్కడ పెడతారు? రోజూ ఎంత దూరం తిరుగుతారు?" అని అడుగుతాను. కొందరికి విసుగొస్తుంది. కారు పేరు చెప్పమంటే ఇంటి అడ్రసు అడుగుతాడేంటి అనుకుంటారు. ఎందుకడుగుతానో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు రెండు కార్ల సంగతి. 2007లో మారుతి స్విఫ్ట్‌లో డీజిల్ ఇంజన్ వచ్చింది. 1.3 లీటర్ల ఇంజన్. అది మారుతి కనిపెట్టింది కాదు, ఫియట్ వాళ్ల మల్టీజెట్. 2009లో ఫియట్ వాళ్లే గ్రాండే పుంటో అని కారు తెచ్చారు. అందులోనూ అదే 1.3 ఇంజన్. నా షెడ్డులో ఒకేసారి రెండు బండ్లూ బోనెట్లు ఎత్తి నిలబడ్డ రోజులున్నాయి. పుంటో తలుపు వేస్తే బీరువా తలుపు పడ్డట్టు పడేది. శ్రీకాకుళం హైవే మీద వంద దాటినా రోడ్డుకి అతుక్కుని వెళ్లేది. స్టీరింగ్ పట్టుకున్నవాడు దాన్ని మర్చిపోలేడు. నిజం చెబుతున్నాను, నడపడానికి ఆ రెండింట్లో నాకు పుంటోయే ఇష్టం.

స్విఫ్ట్ ఇవాళ్టికీ వీధివీధిలో ఉంది. పుంటో వెతికితే గానీ కనపడదు. ఫియట్ మన దేశంలో కార్ల తయారీ 2019లో ఆపేసింది. ఇంజన్ ఒకటే, జాతకాలు వేరు. ఎందుకు?

పుంటోని చాలాకాలం టాటా షోరూముల్లో అమ్మారు. కొనేవాడికి మొదటి అనుమానం అక్కడే వచ్చింది: రేపు రిపేరొస్తే ఎవరు చూస్తారు? ఒక హెడ్‌లైట్ పగిలితే స్పేరు రావడానికి రోజులు పట్టేది. ఆ సంగతి ఇద్దరికి తెలిసింది, ఇద్దరు నలుగురికి చెప్పారు. సెకండ్ హ్యాండ్ రేటు పడింది. రేటు పడిన బండిని కొత్తగా ఎవరు కొంటారు? కొనేవాళ్లు తగ్గితే మా షెడ్లకి ఆ బండ్లు రావు. రాకపోతే మా కుర్రాళ్లు ఆ పని నేర్చుకోరు. మేస్త్రి లేడని జనం ఇంకా భయపడతారు. అదొక గానుగ, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. స్విఫ్ట్‌కి ఇదే గానుగ అటువైపు తిరిగింది. ఏ సందులోకెళ్లినా ఆయిల్ ఫిల్టర్ దొరుకుతుంది, ఏ కుర్రాడైనా క్లచ్ ప్లేటు వేస్తాడు, అమ్మితే డబ్బులొస్తాయి.

అందుకే నేను నమ్మేది ఇది. బ్రోషర్‌లో రాసినవి కారుని ఏడాదిపాటు అమ్ముతాయి. ఆ తర్వాత దాన్ని అమ్మేది మూడో ఏట, ఐదో ఏట దాని యజమాని పక్కింటాయనతో చెప్పే మాట.

అంబాసిడర్ తీసుకోండి. 1950ల చివర్లో ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద మొదలై 2014 మే దాకా తయారైంది. బరువైన స్టీరింగ్, తాగుబోతు ఇంజన్. అయినా అన్నేళ్లు బతికిందంటే, పోటీ లేకపోవడం ఒక కారణం, పాడేరు రోడ్డులో ఆగిపోయినా సైకిలు షాపువాడు కూడా దాన్ని కదిలించగలగడం రెండో కారణం. మా గురువుగారు నాకు మొదట అప్పజెప్పింది అంబాసిడర్ కార్బురేటరే. రెండు స్పానర్లు, ఒక స్క్రూ డ్రైవర్, కొంచెం పెట్రోలు, అంతే. అయితే లోకం మారిపోతుంటే అది అలాగే ఉండిపోయింది. 1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కింది. యాభై వేల రూపాయలకి అటూ ఇటూగా ధర. మూడు సిలిండర్లు, 796 సీసీ. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయ్యేది. ఇప్పుడు ఇది చిన్న విషయం. అప్పట్లో చలికాలం తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ కారు తోసిన రోజులు ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. తాళం తిప్పితే కదిలే కారు అంటే ఆడవాళ్లు కూడా ధైర్యంగా ఒంటరిగా తీసుకెళ్లగలిగే కారు. 800 చేసిన అసలు మేలు నా దృష్టిలో అదే. 2014 జనవరిలో దాని తయారీ కూడా ఆగింది. నాలుగు నెలల తేడాలో రెండూ వెళ్లిపోయాయి.

ఇక నానో. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, దానికి జరిగింది నాకు బాధ కలిగిస్తుంది కాబట్టి. 2008 జనవరి 10న ఢిల్లీలో రతన్ టాటా చూపించారు. లక్ష రూపాయల కారు. స్కూటరు మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్లలు వానలో తడుస్తూ వెళ్లడం చూసి ఆయనకి వచ్చిన ఆలోచన అది. ఇంజనీరింగ్ చిన్న సంగతి కాదు. వెనక ఇంజన్, రెండు సిలిండర్లు, 624 సీసీ, బయటికి చిన్నది, లోపల నలుగురు మోకాళ్లు తగలకుండా కూర్చోవచ్చు. పూర్ణా మార్కెట్ సందుల్లో తిప్పడానికి అంత హాయైన బండి ఇంకోటి లేదు. తర్వాత బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ స్థలం మీద గొడవలు, ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కి మారడం, ఆలస్యం, కొన్ని బండ్లకి మంటలు అంటుకున్న వార్తలు. ఇవన్నీ దెబ్బలే. మొదట్లో డిక్కీ బయటినుంచి తెరుచుకునేది కూడా కాదు, 2015 మోడల్లో గానీ ఆ సదుపాయం రాలేదు.

కానీ అసలు దెబ్బ ఆ 'లక్ష' అనే మాట దగ్గర తగిలింది. కంచరపాలెంలో నా కస్టమర్ ఒక మాస్టారు నానో కొన్నారు. బండి మీద ఒక్క ఫిర్యాదు లేదు. పెద్దమ్మాయి పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఒకసారి చుట్టాల ఇంటికి వెళ్తే, "ఇదేనా ఆ చవక కారు?" అని ఎవరో అన్నారట. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. ఆర్నెల్లలో అమ్మేసి, పాత ఆల్టో కొన్నారు. కొత్త బండి ఇచ్చి పాత బండి తెచ్చుకున్నారు! మన ఇళ్లల్లో కారు అంటే రవాణా ఒక్కటే కాదు. నాన్న రిటైర్మెంట్ డబ్బు, అమ్మ తాకట్టు పెట్టిన గాజులు, గుమ్మం ముందు కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. అంత ఆశతో కొనే వస్తువుకి 'చవక' అన్న పేరు పెడితే కొన్నవాడు తలెత్తుకోలేడు. చవక కారు అన్న ముద్ర తప్పయిందని తర్వాత రతన్ టాటా కూడా ఒప్పుకున్నారు. 2018కల్లా నానో దాదాపు ఆగిపోయింది.

అదే కంపెనీ ఇండికా విషయంలో ఇంకోలా చేసింది. 1998 చివర్లో వచ్చిన మొదటి ఇండికా మీద బోలెడు ఫిర్యాదులు. వాళ్లు చెవులు మూసుకోలేదు. సరిచేసి 2001లో వీ2 తెచ్చారు. మన రైల్వే స్టేషన్ ముందు టాక్సీ స్టాండులో ఏళ్ల తరబడి ఎన్ని వీ2లు నిలబడ్డాయో మీరే చూశారు. 1998లోనే వచ్చిన హ్యుందాయ్ శాంట్రోని చూసి, ఇదేం ఆకారం, డబ్బాలా ఉంది అన్నారు. ఆ ఎత్తు వల్లే పెద్దవాళ్లు నడుం వంచకుండా ఎక్కి దిగగలిగారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు గెలిపించిన కారు అది.

కంపెనీ ఉంటుందా, వెళ్లిపోతుందా అన్నది కూడా చూసుకోవాలి. షెవర్లే కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నామంది. ఇలా వెళ్లిపోయినవాళ్లు సర్వీసు ఇస్తామనే చెబుతారు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్ల లాంటివి దొరుకుతూనే ఉంటాయి. ఇబ్బంది వచ్చేది బాడీ పార్టులతో, ఎలక్ట్రానిక్ సామానుతో. పేరు చెప్పను గానీ, అమ్మకాలు ఆపేసిన ఒక కంపెనీ బండి స్టీరింగ్ పార్టు కోసం నా షెడ్డులో డెబ్బై రోజులు నిలబడింది. ఆ ఇంటి పెద్దాయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. డెబ్బై రోజులూ ఆటోల్లో తిరిగారు. ఆ బండి పక్కనుంచి నడిచినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుండేది. అప్పట్నుంచే, ఏ కారైనా కొనేముందు మీ పేటలో మేస్త్రిని "దీని స్పేర్లు ఎన్నాళ్లకి వస్తున్నాయి?" అని అడగమని చెబుతున్నాను. ముందు బంపరు, హెడ్‌లైటు, సస్పెన్షన్ ఆర్మ్ ధరలు అడగండి. మైలేజీ గురించి పది వీడియోలు చూసేవాళ్లు ఈ మూడు ధరలు అడగరు.

ఒక మంచి మార్పు గురించి కూడా చెప్పాలి. 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన చిన్న కార్లని గుద్ది చూస్తే అయిదింటికి అయిదూ సున్నా స్టార్లు. 2018లో టాటా నెక్సాన్ అయిదు తెచ్చుకుంది. 2023లో మన సొంత భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. ఇప్పుడు కుర్రాళ్లు షోరూంలో సన్‌రూఫ్‌తో పాటు స్టార్లు కూడా అడుగుతున్నారు. చాలా సంతోషం. కాకపోతే వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే ఆ స్టార్లు మిమ్మల్ని కాపాడలేవు.

ఇప్పుడు మన ఊరి సంగతికొస్తాను. ఇల్లెక్కడ అని నేనడిగేది దీనికోసమే.

మొన్న వానాకాలం బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఒక బండి వచ్చింది. తొమ్మిదేళ్ల బండి. పైకి అద్దంలా మెరుస్తోంది, వారం వారం పాలిష్ పెట్టిస్తారట. ఏసీ చల్లగా రావట్లేదని తెచ్చారు. ముందు ఏసీ కండెన్సర్ చూశాను. అల్యూమినియం రేకులు వేలితో తాకితే బూడిదలా రాలాయి. ఎందుకో అనుమానం వచ్చి డ్రైవరు పక్క సీటు మ్యాట్ ఎత్తాను. కింద కార్పెట్ తడి, గుప్పుమని ముక్కిపోయిన వాసన. కార్పెట్ తప్పించి బొటనవేలితో నొక్కాను. రేకు అప్పడంలా విరిగింది. ఆ కన్నంలోంచి చూస్తే కింద నేల మీద నేను పెట్టిన స్పానర్ కనిపించింది.

ఏం జరిగిందంటే, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం దుమ్ముతో మూసుకుపోయింది. నీళ్లు లోపలికి వచ్చాయి. పైన రబ్బరు మ్యాట్ ఉండటంతో ఎవరికీ కనపడలేదు. కింద వైపు సముద్రపు గాలి. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, వాన లేకపోయినా రేకు తడిగానే ఉంటుంది. ఉప్పు నీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి తుప్పు మామూలు నీటికన్నా త్వరగా పడుతుంది. విజయవాడలో పదిహేనేళ్లు ఉండే సైలెన్సరు ఇక్కడ సముద్రం ఎదురుగా అన్నాళ్లు ఉండదు.

కాబట్టి బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి వైపు ఉండేవాళ్లు పైన పాలిష్ పెట్టే డబ్బుతో కింద నీళ్లు కొట్టించండి. పదిహేను రోజులకోసారి చక్రాల గూళ్లు, కింది భాగం మంచినీళ్లతో కడగాలి. మీ బోరు నీరు ఉప్పగా ఉంటే దాంతో వద్దు. తలుపుల అడుగున సన్నటి కన్నాలుంటాయి, నీరు కారిపోవడానికి. అవి మూసుకుపోతే ప్లాస్టిక్ పుల్లతో తీయండి. కొత్త బండికి కింద యాంటీ రస్ట్ కోటింగ్ వేయించడం మంచిదే, ఆ కన్నాలు మూసేయకుండా వేయమనండి. తుప్పు పట్టాక దాని మీదే కోటింగ్ వేస్తే లోపల తడి మూతపెట్టినట్టవుతుంది. ప్లాస్టిక్ పట్టాతో కప్పినా అంతే. నెలకోసారి మ్యాట్లు ఎత్తి కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి, చాలు.

పోర్టుకి దగ్గర్లో ఉండేవాళ్లది ఇంకో బాధ. తెల్లారేసరికి బండి మీద నల్లటి పొడి. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే, పెయింటు మీద గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి జారిపోనివ్వండి.

ఈ తేమ బ్రేకుల్లోకీ వెళ్తుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం, కాస్త వినండి. ఎంవీపీ కాలనీ కుటుంబం ఒకటి అరకు వెళ్లి అనంతగిరి ఘాట్ దిగుతోంది. అయిదుగురు, సామాను. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలేసి దించారు. సగం దిగాక ఘాటైన వాసన. తర్వాత పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోయింది. దేవుడి దయవల్ల ఆయన కంగారుపడకుండా తక్కువ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు ఆనించి ఆపారు. బండి నా దగ్గరికి వచ్చాక బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాను. డికాక్షన్ రంగులో ఉంది. ఏడేళ్లలో ఒక్కసారి మార్చలేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్ మరగాలంటే కనీసం 230 డిగ్రీల వేడి కావాలి. నీరు చేరిన పాతదైతే 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు. పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు పడదు. రెండేళ్లకోసారి మార్పించడానికి పెద్ద ఖర్చు కాదు, ఎవరూ మార్పించరు. ఎందుకంటే మార్చకపోతే ఏమీ తెలీదు, ఘాట్ దిగే రోజు దాకా. సింహాచలం కొండ దిగినా సరే, ఎక్కేటప్పుడు ఏ గేరు వేశారో దిగేటప్పుడు అదే గేరు వేయండి. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది.

2014 అక్టోబరు 12. ఆ తారీఖు ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాటి నుంచి షెడ్డు ముందు బండ్ల వరుస. చెట్లు పడ్డవి చాలా ఉన్నాయి, అవి బాగుచేశాం. నాకు ఎక్కువ బాధ కలిగింది ఇంకోరకం వాటితో. సెల్లార్‌లో నీళ్లలో మునిగి, నీళ్లు తగ్గగానే "చూద్దాం" అని తాళం తిప్పినవి. ఇంజన్ లోపలికి వెళ్లిన నీరు గాలిలా నలగదు. పిస్టన్ పైకొచ్చి నీటిని గుద్దుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తిప్పకుండా ఉంటే నీళ్లు తీసి, ఆయిళ్లు మార్చి బతికించగలిగే ఇంజన్లు అవి. మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పోతే మామూలు ఇన్సూరెన్స్ ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోకండి. బండి మునిగితే బ్యాటరీ వైరు తీసి, తోయించుకుని తీసుకురండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోండి. మునిగిన బండ్లు కడిగి, సెంటు కొట్టి అమ్ముతారు. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగండి. మునిగిన బండి అయితే ఆ చివర బురద మరక గీతలా ఉంటుంది, అక్కడ ఎవరూ కడగరు. స్టెప్నీ తీసి ఆ గుంటలో చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. బండి కొనగానే పేరు మార్పించుకోండి. మీ పాత కారు మీద వచ్చిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండిది కాదు, మీది. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా ఉంటుంది, కొత్త కారుకి తెచ్చుకోవచ్చు. చాలామంది వదిలేసుకుంటున్నారు.

డీజిలా పెట్రోలా అంటే, సిరిపురం నుంచి జగదాంబ దాకా రోజూ తిరిగేవాళ్లకి ఇప్పటి డీజిల్ వద్దు. 2020 నుంచి వస్తున్న బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండ్లలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి కాసేపు ఆగకుండా వేడిగా పరిగెత్తాలి. ఇప్పటికే కొన్నవాళ్లు వారానికోసారి ఆనందపురం దాటి తగరపువలస దాకా హైవే మీద తిప్పుకు రండి. పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరుని పాడుచేయొచ్చు కాబట్టి పాత బండ్లవాళ్లు రబ్బరు పైపులు ఏటా ఒకసారి చూపించుకోవాలి. దాంతో మైలేజీ కాస్త తగ్గితే ఇంజన్ పాడైందని టెన్షన్ పడకండి.

ఆ వెనక వరసలో అమ్మగారు చెయ్యెత్తారు. అడగండమ్మా.

అమ్మగారు అడిగింది మీకందరికీ వినిపించిందా? వాళ్లాయన వాడిన మారుతి 800 ఉంది, ఆయన పోయి మూడేళ్లయింది, పిల్లలు స్క్రాపుకి ఇచ్చేయమంటున్నారు, ఈవిడకి మనసొప్పట్లేదు, ఏం చేయాలి అని.

అమ్మా, పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని వాడుకోవచ్చు. 800కి స్పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి, పని తెలిసిన చేతులూ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి హైవేకి తీసుకెళ్లకండి. గుడికి, మార్కెట్‌కి చాలు. నాలుగు రోజులకోసారి అరగంట తిప్పండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఆపినప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి వదిలేయకండి, మన తేమకి అతుక్కుపోతుంది. గేరులో పెట్టి చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. ఇంజన్ పోయినా చేసిపెడతాను. అడుగు రేకు పోతే మాత్రం ఆ బండిని ఉంచుకోమని నేను చెప్పను.

ఇవాళ అందులోనే వచ్చారా? కింద ఉందా? అయితే పదండమ్మా, నా దగ్గర టార్చి ఉంది. ముందు మ్యాట్ ఎత్తి చూద్దాం.